ఒక్క అంకె తప్పు

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాను. పక్క సీట్లో పెద్దాయన, నేను పశువుల డాక్టర్నని తెలియగానే తెగ సంబరపడ్డాడు. తను పశువైద్యం ప్రొఫెసర్‌గా రిటైరయ్యాడట. ఇక తన రీసెర్చి పేపర్లు కాపీ కొట్టేవాళ్ళని ఎలా పట్టుకునేవాడో చెప్పడం మొదలుపెట్టాడు.

“సాఫ్ట్‌వేర్‌తోటి ఏమైతది సార్? నాలుగు మాటలు మార్చి తప్పించుకుంటరు. నేనైతే ప్రతి పేపర్ల ఒక్క అంకె కావాల్నని తప్పు రాస్త. మేకల కడుపుల నట్టలకు పోసే మందే అనుకోన్రి, మోతాదు జర ఎక్కువేస్త. దొంగోడు గా తప్పుతో సహా దింపుకుంటడు. వాని పేపర్ అచ్చేసిన జర్నల్ ఓళ్లకు చూపిస్త. ఖతం!”

అలా దొరికిన ఒక కుర్రాడికి ఉద్యోగం పోయిందట. ఇంటికొచ్చి కాళ్ళు పట్టుకున్నాడట.

“బాగ ఏడ్వనిచ్చిన. చాయ్ తాపిచ్చి పంపిన,” అని పగలబడి నవ్వాడు.

“మరి కాపీ కొట్టకుండా, మీ పేపరు నమ్మి మేకకి మందు పోసేవాళ్ళ సంగతి?” అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. “గట్ల చదివేటోళ్లు గూడ ఉన్నరా సార్?”

దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది. ఆప్యాయంగా నా భుజం తట్టి దిగిపోయాడు.

ఒళ్ళు మండి పేరు కూడా అడగలేదు. ఇప్పుడు మోతాదు కోసం ఏ పేపరు తెరిచినా, ఇది ఆయనదేనేమో అనిపిస్తుంది. మందు సీసా పట్టుకుని అలాగే నిలబడిపోతాను.

“ఏంది సారూ,” అని నవ్వుతారు మేకల వాళ్ళు, “ఎంత పొయ్యాల్నో యాది మర్చిన్రా?”