శ్యామలమ్మ పెట్టిన తడి

శ్యామలమ్మకు పరువు పిచ్చి. మహబూబ్‌నగర్ దగ్గరి ఊళ్లో ఆమెకు రెండెకరాల ఎర్రచెల్క నేల ఉంది. మొగుడు పోయాక ఒక్కతే దున్నించి ఆముదం పండిస్తోంది. చుట్టం వస్తున్నాడంటే వాకిలి ఊడ్చి, పేడనీళ్ల సాంపి చల్లితే గాని ఆమెకు నిమ్మళం ఉండదు. చేను ఎట్లుందని గట్టు మీద ఎవరడిగినా మంచిగనే ఉందంటుంది. ఎండిందని మాత్రం చచ్చినా ఒప్పుకోదు.

తెలంగాణ వచ్చిన మరుసటేడు హైదరాబాదు నుంచి ఉష అనే పరిశోధకురాలు వచ్చి ఆ చేనునే ఎంచుకుంది. వాన మీదే బతికే చేను కావాలట. పైన తిరిగే రాడార్ ఉపగ్రహం తన తరంగాలు తానే కిందికి పంపి, తిరిగొచ్చిన వాటిని బట్టి మట్టిలో తడెంతో చెబుతుందనీ, మబ్బు పట్టినా చీకటైనా దానికి అడ్డం లేదనీ వివరించింది. అది ఊరి మీదుగా పోయే రోజున శ్యామలమ్మ గుప్పెడు మట్టి తవ్వి డబ్బాలో మూత బిగించి పెట్టాలి. పైనుంచి కనిపించిందీ, కింద ఉన్నదీ ఒకటేనా అని ఉష సరిచూసుకుంటుంది.

ఆ ఏడు భాద్రపదంలో చుక్క రాల్లేదు. ఆముదం ఆకులు వాలిపోయాయి. ఉపగ్రహం తెల్లారి ఆరింటికి వస్తుందనగా, శ్యామలమ్మ ముందురోజంతా పక్క చేను గాలయ్యను బతిమాలి, అతని బోరు నుంచి పైపు వేయించుకుని చేను తడిపింది. అంత పైనుంచి చూడవచ్చేదానికి ఎండిన చేను చూపెడతారా ఎవరైనా? పొద్దున తడిమట్టే డబ్బాలోకి ఎత్తింది. మోసం చేశాననుకోలేదు, మర్యాద చేశాననుకుంది.

వారానికి ఉష వచ్చింది. డబ్బా, ఉపగ్రహం ఒకే మాట చెప్పాయని సంతోషమే. కానీ చుట్టూ బోరు లేని చేలన్నీ ఎండిపోయి, ఈ ఒక్కటే తడిగా ఎందుకుందో ఆమెకు అంతుపట్టలేదు. మండలంలో బోరు లేని చేలన్నిటికీ ఇదే కొలమానమనీ, ఇక్కడ పదునుందని రాస్తే కరువు నివేదికలో ఈ ఊరి పేరు ఉండదనీ చెప్పింది.

"వాన పడ్డదా అమ్మా?" అని అడిగింది.

ఒక్క ఊఁ అంటే చాలు, పరువు నిలబడేది. గట్టు మీద గాలయ్యతో పాటు ఇంకో నలుగురు రైతులున్నారు. ఆ నలుగురికీ బోర్లు లేవు. గాలయ్య నేలచూపులు చూస్తున్నాడు. శ్యామలమ్మకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి, ఏడుపొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మళ్లీ తీసేసింది.

"లేదు బిడ్డా. నేనే నీళ్లు పెట్టిన. నా చేను ఎండిపోయింది. గట్లనే రాయి."