ఉప్పుచేపల తోటలో తవ్వకం

“ప్లాంటేషన్‌లో తవ్వకాలకు వెళ్తున్నా” అనగానే కెనడాలో, హామిల్టన్‌లో ఉన్న మా స్నేహితులందరిదీ ఒకటే ప్రశ్న: “ఏం తోట? టీయా, పత్తా?” నాకూ తెలియదు. మా అమ్మాయి మీనాకి ఫోన్ చేసి అడిగితే పకపకా నవ్వింది. “ఫిష్ అమ్మా! న్యూఫౌండ్‌లాండ్‌లో ప్లాంటేషన్ అంటే ఫిషే.” మూడు నాలుగు వందల ఏళ్ల కిందట ఇంగ్లండు నుంచి వచ్చి, సముద్రం ఒడ్డున ఇల్లూ రేవూ కట్టుకుని, కాడ్ చేపలకి ఉప్పు పట్టించి కర్రపందిళ్ల మీద ఎండబెట్టి యూరప్‌కి అమ్ముకున్న ఆసామిని అక్కడ ప్లాంటర్ అనేవారట. భీమిలిలో ఎండుచేపల వాసనలో పుట్టి పెరిగినదాన్ని, నాకు ఆ తోట నచ్చకపోవడానికి కారణం కనిపించలేదు.

నేను రిటైరైన మత్తు డాక్టర్ని. తవ్వకాల మీద నాకు ప్రత్యేకంగా మోజేమీ లేదు. మీనా మాకు ఒక్కతే కూతురు. బయాలజీలో డిగ్రీ చేసి, మెడిసిన్‌కి ఒకసారి అప్లై చేసింది. సీటు రాకపోతే మళ్లీ ప్రయత్నించకుండా ఆర్కియాలజీలో చేరిపోయింది. ఇప్పుడు అలాంటి ఒక పాత ప్లాంటేషన్ తవ్వకాల్లో ఒక గుంటకి సూపర్‌వైజరు, దాని మీదే థీసిస్. వేసవిలో అక్కడ వాలంటీర్లని తీసుకుంటారు. అనుభవం అక్కర్లేదు, జీతం ఉండదు, తిండీ బసా మన ఖర్చే. “నువ్వెళ్లు. నేను వెళ్తే పోట్లాటవుతుంది” అన్నారు మావారు. “రెండు వారాలు దానితో ఉండి మెల్లగా నచ్చజెప్పు. ఈ సెప్టెంబర్లో మళ్లీ అప్లై చెయ్యమను.” సరేనన్నాను. నా కోరికా అదే, దాచడమెందుకు.

ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్నే టొరంటోలో విమానం ఎక్కాను. న్యూఫౌండ్‌లాండ్ రాజధాని సెయింట్ జాన్స్‌కి మూడు గంటల ప్రయాణం. అక్కడి గడియారం టొరంటోకన్నా గంటన్నర ముందు. ఇండియా వదిలాక ఇలా అరగంట తేడా ఉన్న ఊరికి వెళ్లడం నాకిదే మొదలు. పక్క సీట్లో ఉన్న పెద్దాయన సొంతూరికి వెళ్తున్నాడు. తవ్వడానికి వస్తున్నానని చెబితే, “ముందు మా అమ్మ బంగాళాదుంపల మడి తవ్వి చూడండి. రాళ్లు తప్ప ఇంకేమైనా వస్తే నాకు చెప్పండి” అన్నాడు. వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట: రబ్బరు బూట్లు, రెండు జతల మందపు సాక్సులు, గాలికి ఎగరని రెయిన్‌కోటు తప్పనిసరి. గొడుగు తీసుకెళ్లకండి, నాది మొదటి రోజే విరిగిపోయింది.

ఎయిర్‌పోర్టు నుంచి దక్షిణంగా తీరం వెంబడి షేర్ వ్యాన్‌లో గంటా పావు. దారి పొడవునా పొట్టి చెట్లు, నల్లరాళ్లు, మలుపు తిరిగితే చాలు సముద్రం. నాలుగింటికి ఊరు చేరాను. చర్చి పక్కన, తన ఇంట్లో గదులు అద్దెకిచ్చే మెర్ల్ అనే ఆవిడ దగ్గర బస. డెబ్భై దాటిన మనిషి. తలుపు తీస్తూనే “రా మై లవ్, టీ పెట్టాను” అంది. నలభై ఏళ్ల కాపురంలో మావారు ఒక్కసారి కూడా అనని మాట, అది కూడా టీతో! ఆవిడ వండిన కాడ్ చేప బాగుంది గానీ కారం లేదు. నేను తీసుకెళ్లిన ఆవకాయ అద్దుకుని తిన్నాను. మూడో రోజుకి ఆవిడా అద్దుకోవడం మొదలుపెట్టింది.

సోమవారం ఎనిమిదిన్నరకి పని మొదలైంది. నేను వెళ్లేటప్పటికి మీనా పసుపు కోటులో, మోకాళ్ల దాకా మట్టితో గుంటలో ఉంది. నన్ను కావలించుకుని, వెంటనే అందరితో పాటు నన్నూ వరసలో నిలబెట్టింది. ప్లాంటరు ఇంటి వెనక వంటపాక ఉన్న చోటది. దారాలు కట్టి నలుచదరంగా గుర్తు పెట్టారు. తాపీతో మట్టిని పొరపొరగా గీకాలి, బకెట్లోకి ఎత్తాలి, జల్లెడ పట్టాలి. గంటకే నడుం పట్టేసింది. మధ్యాహ్నం నా జల్లెడలో తెల్లమట్టి పొగాకు పైపు ముక్క వచ్చింది, కొసన పంటిగాట్లతో. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎవరి ఎంగిలో! మా భీమిలి ఇంటికి చేపలు తెచ్చే పోలమ్మ అడ్డచుట్ట గుర్తొచ్చింది. ఆమె గుమ్మంలో పెట్టి మరిచిపోయిన చుట్టపీకని మా అమ్మ చీపురుతో ఊడ్చేసేది. ఇక్కడ అలాంటిదాన్నే దూదిలో చుట్టి, సంచిలో వేసి, నంబరు రాశారు. తవ్వేదంతా ఎవరో తిని, తాగి, పారేసినదేనని అప్పుడు తెలిసింది.

బుధవారం వాన. గుంటల మీద టార్పాలిన్ కప్పి మమ్మల్ని షెడ్డులో తవ్వితీసిన కుండపెంకులు కడగడానికి కూర్చోబెట్టారు. ఏవి కడగాలి, ఏవి కడగకూడదు అని మీనా అందరికీ చెబుతున్నప్పుడే మావారి ఫోను. బయటికి వెళ్లాను. “చెప్పావా?” అన్నారు. “ఇంకా లేదు” అన్నాను. తిరిగొచ్చేసరికి అందరూ పనిలో పడ్డారు. నాకు ఒక చిన్న టూత్‌బ్రష్, నీళ్ల బేసినూ ఇచ్చారు.

కుండ అడుగు ముక్క ఒకటి చేతికొచ్చింది, అరచెయ్యంత. లోపలంతా నల్లగా, దళసరిగా మాడు. అడుగంటిన గిన్నె కనపడితే నా చెయ్యి ఊరుకోదు. మా ఇంట్లో ఎంత మాడిన గిన్నైనా నా చేతిలో పడితే మెరవాల్సిందే. టూత్‌బ్రష్‌తో అయ్యే పని కాదని, సంచిలోంచి స్క్రబ్బర్ తీశాను. పరాయి ఊళ్లో గిన్నెల మీద నాకు నమ్మకం లేదు, ఎక్కడికి వెళ్లినా అది నాతోనే ఉంటుంది. పది నిమిషాలు తోమాను. ముక్క ఎర్రగా, కొత్త కుండలా తేలింది. గర్వంగా పక్కాయనకి చూపించాను. టొరంటో పక్కన ఏజాక్స్ ఊళ్లో బస్సు నడిపి రిటైరైన గ్రెగ్ ఆయన. ఆయన ముఖం పాలిపోయింది.

“నల్లవి కడగొద్దంది కదా మీ అమ్మాయి. ఆ మాడు ల్యాబ్‌కి పంపడానికి.” గొంతు తగ్గించి, “నేనేమీ చూడలేదు” అన్నాడు.

బేసిన్లో నీళ్లు నల్లగా ఉన్నాయి. ఆ ముక్కని ఆరబెట్టిన వందల ముక్కల్లో కలిపేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకుంటాను. కానీ తప్పు మందు వేసి చార్టులో రాయకుండా ఊరుకునే డాక్టర్ని నేనెప్పుడూ క్షమించలేదు. ముక్కని తీసుకుని మీనా దగ్గరికి వెళ్లాను.

మీనా దాన్ని వెలుతురులో తిప్పి చూసింది. బయటికి వెళ్లి, వానలోనే రేవు రాళ్ల మీద కూర్చుంది. చిన్నప్పుడు దెబ్బ తగిలినా అంతే, ఏడ్చేది కాదు. రెయిన్‌కోటు పట్టుకెళ్లి పక్కన కూర్చున్నాను.

“ఈ ఇంట్లో పని చెయ్యడానికి ఇంగ్లండు నుంచి ఆడపిల్లలొచ్చేవాళ్లమ్మా” అంది. “ప్లాంటరు పేరు కాగితాల్లో ఉంది. వీళ్ల నేమ్స్ ఎక్కడా లేవు. ఏం వండుకున్నారో ఆ మాడొక్కటే చెప్పేది.”

“క్షమించు తల్లీ.”

“తవ్వడం అంటేనే పాడు చెయ్యడం అమ్మా. ఒకసారి తవ్వింది మళ్లీ తవ్వలేం. అందుకే స్లోగా చేస్తాం.” తర్వాత నా వైపు తిరిగింది. “నాన్న పంపారు కదా నిన్ను? మెడిసిన్ గురించి.”

అబద్ధం చెప్పలేదు.

“లాస్ట్ డే అడుగు. అందాకా పని చెయ్యి. ప్లీజ్.”

చేశాను. మిగతా రోజుల్లో నా తాపీ చాలా మెల్లగా నడిచింది. కడిగే బల్ల దగ్గరికి పిలవలేదు, నేనూ వెళ్లలేదు. రెండో వారం ఎండ వచ్చింది. పొయ్యి రాళ్లు బయటపడ్డాయి, వాటి చుట్టూ చేపముళ్లు, ఒక ఇత్తడి గుండుసూది. ఆ గుండుసూదిని మీనా ఎంతసేపు చూసిందో!

ఆఖరి శుక్రవారం నన్ను ఆశ్చర్యపరిచింది. ఇంత కష్టపడి తవ్వినదాన్ని మళ్లీ పూడ్చేస్తారు! ఎక్కడి దాకా తవ్వారో గుర్తుగా గుంట అడుగున గుడ్డ పరుస్తుంటే, పక్క మట్టిగోడలోంచి నల్లటి అంచు తొంగి చూస్తూ కనిపించింది. వంగి చూశాను. అదే కుండ, మిగతా సగం. లోపల మాడు చెక్కుచెదరకుండా ఉంది.

“మీనా! ఇదిగో, ఇక్కడే ఉంది!”

“తెలుసమ్మా. నిన్ననే చూశా.”

“మరి తియ్యవే? బెత్తెడు తవ్వితే చేతికొస్తుంది!”

“ఆ సైడు మేం తవ్వం. కావాలనే వదిలేశాం. యాభై ఏళ్ల తర్వాత వచ్చేవాళ్ల దగ్గర మాకన్నా మంచి టూల్స్ ఉంటాయి. మాకు అడగడం కూడా తెలియని క్వశ్చన్స్ వాళ్లు అడుగుతారు. అది వాళ్లది.”

“నీ థీసిస్‌కి కావాలి కదే!”

“ఉన్నదాంతో రాస్తా.”

మీనా కళ్లు ఎర్రబడ్డాయి. ఆ అంచు మీదికి గుడ్డ లాగి, తనే మొదటి పార మట్టి వేసింది. ఆపరేషన్ మధ్యలో “ఇక చాలు” అని కత్తి కింద పెట్టగలిగిన సర్జన్లని నా సర్వీసంతటిలో వేళ్ల మీద లెక్కపెట్టగలను. వాళ్లంటే నాకు ఎప్పుడూ గౌరవం. ఆ గౌరవం నా కూతురి మీద కలుగుతుందని అనుకోలేదు. నేనూ ఒక పార అందుకున్నాను.

శనివారం మధ్యాహ్నం వ్యాన్ దాకా మీనా నా సూట్‌కేసు మోసింది. మెర్ల్ ఇచ్చిన ఉప్పుచేప ప్యాకెట్ అందులోనే ఉంది, పప్పుచారుతో తినడానికి.

“లాస్ట్ డే అడగమన్నాను. నువ్వు అడగలేదు.”

“ఉన్నదాంతో రాస్తానన్నావుగా. రాయి” అన్నాను. అది నన్ను గట్టిగా పట్టుకుని, చాలాసేపు వదల్లేదు. దాని కోటు మీది మట్టి నా స్వెటర్‌కి అంటింది, దులపలేదు.

విమానం గంట ఆలస్యం. టొరంటోలో మావారు కాచుకుని ఉన్నారు. సూట్‌కేసు అందుకుంటూనే, “అడిగావా?” అన్నారు.

“లేదు.”

“రెండు వారాలు ఏం చేశావు మరి?”

కారెక్కాక మొత్తం చెప్పాను, నేను తోమేసిన ముక్కతో సహా. సగం దారిలో, ఓక్‌విల్ దాటుతుంటే ఆయన అడిగారు.

“ఆ రెండో సగం కళ్లెదురుగా కనిపిస్తున్నా తియ్యలేదా?”

“తియ్యలేదు.”

“తనకి కావలసినదే?”

“కావలసినదే.”

రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, “నేనైతే తీసేసేవాణ్ని” అన్నారు.

“నేనూ అంతే” అన్నాను.