ఇద్దరం అనుకున్న లంక

ఏటి నడుమ ఉన్న ఆ లంకను మొదటిసారి చూసినప్పుడు నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. గోదావరికి పెద్ద వరద వచ్చి తీసిన రోజులవి. మా చర్చి సంఘం తరఫున బియ్యమూ, పాత బట్టలూ పంచడానికి పెద్దవాళ్లు కొత్తపేట వైపు రేవు నుంచి పడవలో వెళుతుంటే, మా పక్కింటి అమ్మాయీ నేనూ కూడా ఎక్కేశాం. తనూ నేనూ ఒకే ఈడు ఆడపిల్లలం. బడికీ, ఆదివారం గుడికీ, కాలవకు నీళ్లకూ ఎక్కడికి వెళ్లినా ఇద్దరమే.

పెద్దవాళ్లు మూటలు దించుతుంటే మేమిద్దరం ఊరు చూడడానికి వెళ్లాం. ఊరు ఇంకా బురద వాసన వేస్తోంది. చివర్న పెంకుటి బడి ఒకటి కనిపించింది. గోడల మీద వరదనీటి చార నడుమెత్తున ఉంది. అరుగు మీద ఆడుకుంటున్న ఆడపిల్లను ఎన్నో తరగతి అని అడిగితే, "బడి ఉందండి. మేష్టారే రారండి" అంది. ఆ పిల్లకు పదేళ్లుంటాయి. తన పేరు రాయడం రాదు. అదేమీ పెద్ద విషయం కాదన్నట్టు మళ్లీ ఆటలో పడిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు పడవలో ఇద్దరం ఆ బడి పెంకులు కనిపించినంత దూరం వెనక్కే చూస్తూ కూర్చున్నాం.

మరుసటి వేసవిలో అమలాపురంలో యవ్వనస్థుల కూటాలు పెట్టారు. తాటాకు పందిరి, కింద ఇసుక, ఇసుక మీద పట్టాలు. ఆఖరి రోజు సాయంత్రం, తమ జీవితాన్ని దేవుని పనికి ఇవ్వాలనుకున్నవాళ్లు లేచి నిలబడవచ్చునని ప్రసంగించిన పెద్దాయన అన్నారు. ఆయన గొంతు పెంచలేదు. ఆలోచించుకుని లేవమన్నారు. తను నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరిలో ఎవరు ముందు లేచామో నాకు గుర్తు లేదు. కళ్లు తెరిచేసరికి ఇద్దరం నిలబడి ఉన్నాం.

ఇంటికి నడిచి వస్తుంటే తనే మొదలుపెట్టింది.

"ఒసే, మనం ఆ లంకకే వెళ్దామే. నువ్వు టీచరువి, నేను నర్సుని. ఇద్దరం ఒకటే ఇల్లు తీసుకుందాం."

"వంట ఎవరు చేస్తారు?"

"నువ్వే. నాకు రాదుగా."

అలా మా గురి కుదిరిపోయింది. మా ఇళ్లల్లో అలాంటి మాటను తేలిగ్గా తీసుకోరు. మా తాత రైతుల దగ్గర పాలికాపు. మా నాన్న హైస్కూల్లో అటెండరు. మా అమ్మ నాట్లకు వెళ్లి వచ్చి, కాళ్లు కడుక్కుని, ముందు ప్రార్థన చేసుకుని తర్వాత పొయ్యి వెలిగించేది. చదువుకుని ఉద్యోగం తెచ్చుకోవడం, అది దేవుడిచ్చిందని మరిచిపోకుండా ఉండడం, ఈ రెండే మా పేటలో పిల్లలకు చెప్పేవాళ్లు. నేను లంకకు వెళతానని చెబితే నాన్న, "ముందు పరీక్ష పాసవ్వమ్మా" అన్నారు.

నేను టీచరు ట్రైనింగులో చేరాను. తను మిషను ఆసుపత్రిలో నర్సింగులో చేరింది. సెలవులకు ఇద్దరం ఇంటికి వచ్చినప్పుడు ఆ ఇంటి గురించే మాట్లాడుకునేవాళ్లం. వీధివైపు గదిలో మందుల బల్ల, లోపలి గదిలో మా మంచాలు. కిటికీ ఏ వైపు ఉండాలో కూడా అనుకున్నాం. చివరి సంవత్సరంలో వాళ్ల నాన్నగారికి పక్షవాతం వచ్చింది. ఆయన కళ్ల ముందే పెళ్లి చెయ్యాలని బంధువులు తొందరపెట్టారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే అబ్బాయి. పెళ్లిలో తెల్లచీర కట్టుకుని, తలమీద ముసుగు సర్దుకుంటూ నా చెవిలో, "నువ్వు ముందు వెళ్లవే. నేను వెనకాల వస్తాను" అంది. నేను తల ఊపాను. రాదని నాకు తెలుసు. రాలేనని తనకూ తెలుసు.

తర్వాత నేను మొదటిసారి రాసిన ఉద్యోగ పరీక్ష పోయింది. రెండోసారి రాస్తే ఉద్యోగం వచ్చింది. ఖాళీల గురించి చెప్పినప్పుడు నేను లంక బడి అడిగితే, ఆఫీసులో గుమస్తాగారు కళ్లద్దాలు తీసి చూశారు.

"అది లంకమ్మా. పడవ దాటాలి."

"తెలుసండి."

"వరదొస్తే అక్కడే ఉండిపోతారు."

"ఆయ్, తెలుసండి."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని నా పేరు రాసుకున్నారు. నాకంటే ముందు ఆ బడి కావాలని ఎవరూ అడగలేదట.

ఆ లంకలో మా విశ్వాసంవాళ్ల ఇల్లు ఒక్కటి కూడా లేదు. ఒక రైతు కుటుంబంలో పెద్దావిడ, అందరూ మామ్మగారని పిలిచేవారు, తన ఇంటి పక్క వసారాకు గోడ కట్టించిన గది నాకు అద్దెకిచ్చారు. మంచి మనిషి. నేను బడి నుంచి వచ్చేసరికి గ్లాసులో మజ్జిగ పోసి అరుగు మీద పెట్టేవారు. నా గ్లాసు మాత్రం వేరే. అది వాళ్ల గ్లాసులతో కలిసేది కాదు. ఎందుకో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరికీ తెలిసిన సంగతే.

పిల్లలు మొదట్లో నేను రెండు వారాలకంటే ఉండనని పందేలు కట్టుకున్నారట. ఉన్నాను. పొలాలకు వెళ్లే తల్లుల దగ్గరకు పొద్దున్నే వెళ్లి పిల్లల్ని అడిగి తెచ్చుకునేదాన్ని. కూరగాయల కోతల రోజుల్లో బడి సగం ఖాళీ. అప్పుడు సాయంత్రం అరటితోటల గట్ల మీద కూర్చోబెట్టి చెప్పేదాన్ని. పేరు రాయడం వచ్చిన రోజున పిల్లలు ఇంటి గోడల మీద బొగ్గుతో రాసుకునేవారు. నాకు తిట్లు పడేవి. ఆ తిట్లు నాకు బాగుండేవి.

కష్టమైనది పని కాదు, పని అయిపోయాక వచ్చే పొద్దు. లంకలో సాయంత్రాలు పెద్దవి. రేవులో ఆఖరి పడవ వెళ్లిపోయాక అవతలి గట్టు మీద బస్సు దీపాలు కనిపించేవి, శబ్దం వినిపించేది కాదు. దీపం పెట్టుకుని ప్రార్థనకు కూర్చుంటే, ఇద్దరం అనుకున్న ఇల్లు గుర్తొచ్చేది. నా గదిలో మాత్రం ఒక్క మంచమే ఉంది. ప్రభువా, నన్ను ఇక్కడికి పిలిచింది నువ్వేనా అని అడిగేదాన్ని. బదులు వినిపించలేదని చెబితే మా సంఘంలో బాధపడతారు గాని, నాకు వినిపించలేదు. తెల్లారేది, పిల్లలు వచ్చేవారు.

శనివారం సాయంత్రం ఇంటికి వెళ్లి, ఆదివారం ఆరాధన చూసుకుని, సోమవారం తెల్లవారుతూనే పడవ ఎక్కేదాన్ని. వరదల నెలల్లో అది కుదిరేది కాదు. పడవ నడిపే ఆయన రేవులోనే చెప్పేవారు: "మేడంగారూ, ఈ వారం వద్దండి. గోదారి బాగోలేదండి."

అలాంటి ఒక ఆదివారం తలుపు వేసుకుని, ఎవరికీ ఇబ్బంది కాకూడదని మెల్లగా పాడుకుంటున్నాను. గోడ అవతల నుంచి మామ్మగారు పిలిచారు.

"అమ్మాయ్, కొంచెం గట్టిగా పాడు. నాకు సరిగా వినపడదు కదా."

గట్టిగా పాడాను. రెండో చరణానికే ఆవిడ గురక వినిపించింది. అయినా ఆపలేదు. వినేవాళ్లు ఒకరున్నారని ఆ రోజు పాట మొత్తం పాడాను.

నాకు సంబంధం వచ్చింది అప్పుడే. కాకినాడలో బ్యాంకు ఉద్యోగి, మంచి విశ్వాస కుటుంబం. అబ్బాయీ, అతని తల్లిదండ్రులూ మా ఇంటికి వచ్చారు. అందరూ మర్యాదస్తులు. టీ తాగుతూ అబ్బాయి తల్లిగారు అడిగారు.

"పెళ్లయ్యాక ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటావు కదమ్మా?"

"కొన్నేళ్లు అక్కడే చెయ్యాలనుకుంటున్నానండి."

"కొన్నేళ్లంటే ఎన్నేళ్లమ్మా?"

నేను బిస్కెట్ల ప్లేటు ఆవిడ వైపు జరిపాను. ఆ అబ్బాయి నా వైపు చూసి, ఏదో అడగబోయి మానేశాడు. ఏం అడిగేవాడో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. వాళ్లు ప్రార్థన చేసి, వందనాలు చెప్పి వెళ్లిపోయారు. అమ్మ గ్లాసులు తీసుకుని పెరట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. నాన్న నా ఎదురుగా కూర్చున్నారు.

"అక్కడే ఉండమని దేవుడు నీతో చెప్పేడా, అమ్మా?"

"అలా అనిపించింది నాన్నా."

"అనిపించడం వేరు, చెప్పడం వేరు కదమ్మా."

ఆయన కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు. నాకూ తెలిసి ఉంటే ఆయనకు చెప్పేదాన్ని. మర్నాడు మా పాస్టరు అయ్యగారి భార్య, అందరం అమ్మగారని పిలిచే ఆవిడ, నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేను తప్పు చేశానని అనలేదు, మంచి చేశాననీ అనలేదు. "నీ కోసం ప్రార్థన చేస్తానమ్మా. నువ్వు మాత్రం అన్నం సరిగా తిను" అన్నారు. ఆ తర్వాత ఇంకో రెండు సంబంధాలు వచ్చాయి. పడవ మాట చెప్పగానే ఆగిపోయాయి. కొన్నాళ్లకు మా పేటలో నా పెళ్లి సంగతి ఎవరూ ఎత్తడం మానేశారు. అడిగినప్పుడు విసుగ్గా ఉండేది. అడగడం మానేశాక ఇల్లంతా ఖాళీ అయినట్టు అనిపించింది.

హైదరాబాదు వెళ్లిపోయిన నా చిన్ననాటి నేస్తం ఒక వేసవిలో లంకకు వచ్చింది. ఇద్దరు పిల్లల్ని పుట్టింట్లో వదిలి ఒక్కతే పడవ దిగింది. లావైంది, జుట్టు ముందువైపు నెరిసింది. నా గది చూసి, పొయ్యి చూసి, బడి చూసి, గట్టు మీద కూర్చుంది. తన కోసం నేను చేపల పులుసు వండాను. తింటూ ఉన్నట్టుండి ఆగింది.

"నామీద కోపం లేదా నీకు?"

"ఉండేదే."

"ఇప్పుడు?"

నేను వెతుక్కున్నాను. ఎన్నో సాయంత్రాలు ఆ కోపంతోనే గడిపాను. ఆ రోజు దాని కోసం చూస్తే కనిపించలేదు.

"నర్సింగు సర్టిఫికెట్టు కూడా తీసుకోలేదే నేను," అంది తను. "మా ఆయన వద్దన్నారు. మేమున్నచోట చర్చి దగ్గరే. ఎవరైనా సేవ గురించి మాట్లాడితే మాత్రం లేచి బయటికి వచ్చేస్తాను. నువ్వు అదృష్టవంతురాలివి. మాట మీద నిలబడ్డావు."

"నేను నిలబడ్డది మాట మీదో, మొండితనం మీదో నాకు తెలియదే. నీకు పిల్లలున్నారు."

"నీకూ ఉన్నారుగా, బడి నిండా."

"వాళ్లు సాయంత్రం ఇళ్లకు వెళ్లిపోతారు."

తను ఏడ్చింది. నేను ఏడవలేదు. పులుసు చల్లారిపోతోందని చెప్పాను. ఆ రాత్రి ఇద్దరం ఆ గదిలో చాప మీద పక్కపక్కన పడుకున్నాం. అనుకున్న ఇల్లు ఆ ఒక్కరోజుకు ఉంది. పొద్దున్న తను వెళ్లిపోయింది.

ఆ తర్వాతి సంవత్సరాల్లో గోదావరి లంకను కోసేయడం మొదలుపెట్టింది. ముందు ఎగువవైపు గడ్డి భూములు పోయాయి, తర్వాత అరటితోటలు. కాయలతో ఉన్న కొబ్బరిచెట్లు వేళ్లతో సహా ఒరిగి నీళ్లల్లోకి జారిపోయేవి. మొదట్లో ఊరంతా పరుగెత్తి వెళ్లి చూసేది. తర్వాత శబ్దం వినపడితే ఎవరిదో అనుకుని పనిలో ఉండిపోయేవాళ్లు. ఒక్కొక్క ఇల్లే గట్టు మీదకు, రావులపాలెం వైపు వెళ్లిపోయింది. బళ్లో బెంచీలు మిగిలాయి, పిల్లలు తగ్గిపోయారు. చివరికి పిల్లలు చాలరని బడి ఎత్తేశారు.

నేను దేవునితో వాదించాను. నన్ను ఇక్కడికి తెచ్చింది నువ్వే అయితే, ఈ నేలను ఎందుకు తీసేస్తున్నావని అడిగాను. నా జీవితమంతా ఈ ఒక్క ఊరి చుట్టూ కట్టుకున్నాను. ఊరే లేకపోతే నేను ఏమి చేసినట్టు? ఆ ప్రశ్నకూ బదులు రాలేదు. పేరు రాయడం నేర్పినవాళ్లల్లో కొందరు కాలేజీకి వెళ్లారు. కొందరు గల్ఫ్ వెళ్లారు. కొందరు రొయ్యల చెరువుల మీద కాపలా ఉన్నారు. వాళ్లు ఉన్నారు, ఊరు లేదు. అంతవరకే నాకు అర్థమైంది.

మామ్మగారిని కొడుకు తీసుకుని వెళ్లిన రోజు సామాను బయట పెట్టి ఉంది. ఆవిడ వెళ్లబోయే ముందు స్టీలు గ్లాసులన్నీ ఒకే సంచిలో వేయించారు, నాదీ వాటిలోనే వేసి, మళ్లీ తీసి నా చేతికిచ్చారు.

"నీకు పెళ్లి చెయ్యలేదని మీ దేవుడి మీద నాకు కోపమమ్మా."

"ఆయన తప్పేమీ లేదండి."

"నువ్వలాగే అంటావులే" అని నా బుగ్గ తడిమారు. ఇన్నేళ్లలో ఆవిడ నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

నాకు అమలాపురంలో పెద్ద బడి ఇచ్చారు. పక్క తరగతి టీచర్లు టిఫిన్ డబ్బాలు కలిపి పెట్టుకుని తింటారు, నన్నూ పిలుస్తారు. ఇంట్లో అమ్మా నాన్నా ఉన్నారు. ఆదివారం గుడి పక్క వీధిలోనే. మనుషుల మధ్యకు వచ్చాను కదా, ఇక ఒంటరితనం పోతుందని అనుకున్నాను. పోలేదు. లంకలో దానికి కారణం ఉండేది, ఇక్కడ కారణం లేకుండా ఉంది.

ఆ మధ్య సంఘంలో ఒక చెల్లెమ్మ, కొత్తగా ట్రైనింగులో చేరిన పిల్ల, నన్ను ఆపి అడిగింది.

"టీచరుగారండీ, దేవుడు మన విషయంలో ఏం అనుకుంటున్నాడో ఎలా తెలుస్తుందండీ?"

తెలిసిపోతుందమ్మా అని చెప్పవచ్చు. ఆ అమ్మాయి అదే వినాలని వచ్చింది.

"నాకింకా తెలియలేదమ్మా," అన్నాను. "నేను అడుగుతూనే ఉన్నాను. నువ్వూ అడుగు. ఈలోగా పరీక్ష మాత్రం బాగా రాయి."

ఆ అమ్మాయి కాస్త నిరాశపడి, "ఆయ్, అలాగేనండి" అని వెళ్లిపోయింది. మరుసటి ఆదివారం మళ్లీ వచ్చి నా పక్కనే కూర్చుంది. ఆరాధన అయ్యాక లెక్కల్లో తనకు అర్థం కానివి చెబుతారా అని అడిగింది. మా ఇంటికి రమ్మన్నాను.