రత్నం అంకుల్ బ్రేక్ వేస్తే

నిన్న పొద్దున ఆఫీసులో ఇంకా కంప్యూటర్ కూడా ఆన్ చేయలేదు, ఫ్రెండ్ సునీత ఫోన్ చేసింది. "అంకుల్ పోయారే" అంది.

ఏ అంకుల్ అని అడిగాను. సింగపూర్‌లో మనకు పెద్దవాళ్ళందరూ అంకుళ్ళే కదా.

"మన వ్యాన్ అంకుల్."

మొన్న సాయంత్రమే మా ఫ్లాట్ల బ్లాక్ కింద కనిపించి, ఏం తల్లీ చిక్కిపోయావ్, మీ కంపెనీవాళ్ళు అన్నం తిననివ్వట్లేదా అని ఆటపట్టించిన మనిషి.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

పాసిర్ రిస్ నుంచి ఆఫీసులకు వెళ్ళే మన తెలుగు బ్యాచ్‌లో రత్నం అంకుల్ వ్యాన్ ఎక్కనివాళ్ళు ఎవరున్నారు? కొత్తగా దిగినవాళ్ళకి ఫ్లాట్ వెతికిపెట్టిందీ ఆయనే, వంట రాని బ్యాచిలర్లకి కమలా ఆంటీ చేత సాంబారు పంపించిందీ ఆయనే. ఆంటీ వాళ్ళది ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు కుటుంబం. ఆవిడని పెళ్ళి చేసుకుని ఈయన ఇక్కడివాడైపోయారు.

అంతకుముందు ఆయన మిలిటరీలో ట్యాంకు డ్రైవర్.

చీరాల పక్క పల్లె నుంచి వెళ్ళి, డెబ్బై ఒకటి యుద్ధంలో పంజాబ్ సరిహద్దులో ట్యాంకు నడిపారు. ఈ సంగతి మీలో చాలామందికి తెలియదు. మాకూ మా వ్యాన్‌లో వచ్చే కిరణ్ వల్లే తెలిసింది.

కిరణ్‌కి వీడియో గేముల పిచ్చి. ఒకరోజు వ్యాన్‌లో, ట్యాంకు ఫుల్ స్పీడ్‌లో పోతూనే ఎలా గురిచూసి కొడుతుందో చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. అంకుల్ అద్దంలోంచి చూసి నవ్వారు.

"మా రోజుల్లో అయితే అట్టా తగిలేది కాదు నాయనా."

కిరణ్ ఊరుకుంటాడా. గన్ను కదలకుండా పట్టే మెషిన్ అప్పట్లోనే ఉందని నెట్‌లో చదివానన్నాడు. అవును ఉంది, మా ట్యాంకులోనూ ఉండేది అని ఒప్పేసుకున్నారు అంకుల్. పోతున్నా సరే, గొట్టాన్ని సుమారుగా శత్రువు వైపే పట్టి ఉంచేదట. కానీ దున్నిన చేలల్లో, గట్ల మీద ఎగిరెగిరి పడుతూ కొడితే గుండు ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలట.

తగలాలంటే ఆగాల్సిందే.

ఆగగానే అయిపోదట. అంత బరువైన బండి ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆ ఊపు తగ్గేదాకా గన్నర్ ఆగాలి. గుండు వెళ్ళేదాకా డ్రైవర్ ఆగాలి. ఇప్పటి ట్యాంకులు పోతూ కూడా కొడతాయట. మీలాంటోళ్ళు రాసిన ప్రోగ్రాములే గురి చూస్తాయంట కదా అని మురిసిపోయారు.

మరి మీరు ఆగితే అవతలివాడికి దొరికిపోరా అంకుల్ అని అడిగాను.

"దొరుకుతాం. తెలిసే ఆగుతాం తల్లీ."

ఒకసారి అలా చేలో ఆగినప్పుడు, తన ముందున్న చిన్న అద్దంలోంచి ఎదుటి ట్యాంకు గొట్టం తమ వైపు తిరగడం కనిపించిందట. కాలు కదిలితే బండి కదులుతుంది. బండి కదిలితే గన్నర్ గురి పోతుంది. వెనక్కి లాగెయ్యమని ఒళ్ళంతా చెబుతున్నా బ్రేక్ మీద కాలు తియ్యలేదట. ముందు తమ గుండే తగిలింది.

అందుకే ఇట్టా మీకు వ్యాన్ నడుపుతున్నా అని నవ్వేసి, సిగ్నల్ దగ్గర ఆపారు. ఆపినట్టే మాకు తెలియలేదు. ఆయన బ్రేక్ ఎప్పుడూ అంతే.

ఎప్పటిదో కథ కదా అనుకున్నాను.

కథ కాదని ఆ తర్వాత ఒక ఆదివారం తెలిసింది.

అంకుల్ వ్యాన్‌లోనే గుడికి వెళ్ళి వస్తున్నాం. ఎక్స్‌ప్రెస్‌వే మీద జోరు వాన. మా ఆయన లోంగాన్ పండు ఒలిచి, గింజ తీసి, అచ్చం బుల్లి తాటిముంజ అంటూ మా అమూల్య నోట్లో పెట్టాడు. దానికింకా రెండేళ్ళు నిండలేదు. ముంజను జుర్రినట్టే జుర్రింది.

గొంతుకి అడ్డం పడింది.

ఏడుపు లేదు, దగ్గు లేదు. మొహం నల్లబడిపోతోంది. వీపు మీద కొడదామంటే వ్యాన్ ఊపుకి పిల్ల జారిపోతోంది, దెబ్బ ఎక్కడో పడుతోంది. హాస్పిటల్‌కి పోనివ్వండి, స్పీడుగా పోనివ్వండి అని గొంతు చించుకుని అరిచాను.

అంకుల్ ఆపేశారు.

రోడ్డు అంచుకి తీసి, ఆ వానలో, కంటైనర్ లారీలు హారన్లు కొడుతూ మమ్మల్ని రాసుకుపోతుంటే ఆపేశారు. ఒక్క కుదుపు లేదు. వెనక్కి తిరగలేదు. వెనక నుంచి వచ్చే లారీలను అద్దంలో చూస్తూనే అన్నారు.

"ఇప్పుడు బోర్లా వేసి కొట్టమ్మా. నేను కదలను. ఆగితేనే తగులుద్ది."

కొట్టాను. మళ్ళీ కొట్టాను. పండు ఊడి సీటు కింద పడింది. పిల్ల కెవ్వుమని ఏడ్చింది.

ఆ ఏడుపు విన్నాకే ఆయన బ్రేక్ మీద నుంచి కాలు తీశారు. అప్పుడు చూశాను, ఆ కాలు గజగజా వణుకుతోంది. అప్పటిదాకా వణకలేదు.

అమూల్య ఇప్పుడు స్కూల్‌కి వెళ్తోంది. ఏం చెప్పినా ఇక్కడి పిల్లల్లాగే "నో లా అమ్మా" అని నాకు ఎదురు చెబుతోంది. ఆ గొంతు విన్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు.

నిన్న ఎలా జరిగిందో సునీత చెప్పింది. నేను నిన్న ముందే ట్రైన్‌లో వెళ్ళిపోయాను, తను ఆ ట్రిప్‌లోనే ఉంది. టాంపినీస్ దగ్గర వ్యాన్ మెల్లగా పక్కకి తీసి ఆగిందట. సగం మంది నిద్రలో ఉన్నారు. ఎవరో లేటుగా పరిగెత్తుకొస్తున్నారేమో, వాళ్ళ కోసం ఆపారనుకున్నారట. ఎంతసేపటికీ కదలకపోతే లేచి చూశారు.

హజార్డ్ లైట్లు వెలుగుతున్నాయి. హ్యాండ్ బ్రేక్ లాగి ఉంది. తన గుండె ఆగిపోతుంటే ముందు వ్యాన్ ఆపారు.

కాలు ఇంకా బ్రేక్ మీదే ఉందట.

ఎలాంటి మనిషి అండీ. నిన్నటి నుంచి ఇదొక్కటే అనుకుంటున్నాను. ఎలాంటి మనిషి వ్యాన్‌లో మనం రోజూ నిద్రపోయాం.

అంకుల్, అందరూ క్షేమంగా దిగారు. ఆ రోజు అమూల్య కూడా.

ఇంక బ్రేక్ మీద నుంచి కాలు తీయండి. ఏ కుదుపూ లేని చోట హాయిగా పడుకోండి.