జొన్న పొర, రెండు ఊళ్ల గాలి

మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో కిటికీ పక్కనున్న బల్ల నాది. హెడ్డు సారు దాన్ని నాకిచ్చేటప్పుడు, తోటి లెక్చరర్లందరి ముందూ "తీసుకోప్పా, ఏదో ఒకటి చేసుకో" అన్నాడు. ఆ 'ఏదో ఒకటి' అన్న మాట నేను మరిచిపోలేదు.

ఆ బల్ల మీద నేను చేస్తున్నది జొన్న పిండితో పల్చటి పొర. చూడటానికి ప్లాస్టిక్ కవరులా ఉండాలి, వాడి పారేస్తే మట్టిలో కలిసిపోవాలి. జొన్నలు నానబెట్టి, రుబ్బి, గుడ్డలో వడగడితే తెల్లటి నీళ్లు దిగుతాయి. ఆ నీళ్లను కదిలించకుండా పెడితే అడుగున సున్నంలా పిండి పేరుకుంటుంది. దాన్ని ఎండబెట్టి, నీళ్లలో కలిపి సన్నసెగన ఉడికిస్తే తెల్లదనం పోయి గాజులా తేటపడుతుంది. ఆ క్షణం ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. అందులో కొంచెం గ్లిజరిన్ కలపాలి. అది కలిస్తేనే పొర వంగుతుంది, లేకపోతే పెళుసు. ఆ గంజిని అద్దం పలక మీద పల్చగా పోసి ఆరనిస్తే మర్నాటికి ఊడి వస్తుంది.

ఊడి వచ్చేది, కానీ వంచితే విరిగేది. పెన్ను చుట్టూ చుట్టబోతే టప్పుమనేది. శివరాత్రి దాటి కర్నూలులో ఎండలు ముదిరాక మరీ అన్యాయం. చేత్తో తీస్తేనే అంచులు రాలిపోయేవి.

హెడ్డు సారు రోజూ ఆ దారినే పోయేవాడు. "ఏమప్పా, అప్పడాలు ఎండినాయా? ఇంటి నుంచి సాంబారన్నం తెచ్చుకుంటా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఒకరోజు ఆయన నవ్వకుండానే చెప్పాడు. "బాటనీ వాళ్లకు స్థలం ల్యాక, బల్ల అడుగుతాండారు. నెలాఖరుకు నీ పొర విరగకుండా వంగితే బల్ల నీది. వంగల్యా, వాళ్లకిచ్చేస్తా."

నా అనుమానమంతా గ్లిజరిన్ మీద. దాన్ని అమ్మిన అంగడాయన అందులో నీళ్లు కలిపి ఉంటాడని, విరిగే పొరలు రెండు పట్టుకుని వెళ్లి నిలదీశాను. "ఏంది సార్, ఎండుటాకు తెచ్చి చూపిచ్చి నా సరుకు మంచిది కాదంటే ఎట్ల?" అన్నాడు. ఎండుటాకు అన్నాడు. ఆ పొరలను సాక్ష్యంగా ఒక ఫైలులో భద్రపరిచాను. పైవాళ్లకు ఫిర్యాదు రాయాల్సి వస్తే చేతిలో ఆధారం ఉండాలి కదా.

ఈలోగా గ్లిజరిన్ పెంచుకుంటూ పోయాను. ఒక మోతాదు దగ్గర పొర పెన్ను చుట్టూ చక్కగా చుట్టుకుంది. వెంటనే సారుకు చూపించలేదు. 'వంగితే సరేప్పా, దేనికి పనికొస్తాది?' అంటాడని తెలుసు. అందుకని ఆ పొరను ముక్కలు కోసి, అంచులకు తడివేలు రాసి అతికించి, కుంకుమ పొట్లాలు కట్టాను. మహానందిలో మా బావకు కోనేటి నుంచి గుడికి పోయే దారిలో పూజసామాన్ల అంగడి ఉంది. ఆయన అమ్మే కుంకుమ ప్లాస్టిక్ కవర్లే కోనేటి చుట్టూ ఎగురుతుంటాయి. సోమవారం పొద్దున్నే పొట్లాలు డబ్బాలో సర్దుకుని, ఫైలు సంచిలో వేసుకుని బస్సెక్కాను.

బావ పొట్లాలను బల్ల మీద వరసగా పేర్చాడు. కోనేట్లో మునిగినవాళ్లు తడిబట్టలతో నీళ్లు కారుతూ అంగడి ముందే పోతున్నారు. నేల ఆరదు, గాలి ఆరదు. కాసేపటికి ఒకావిడ పొట్లం అడిగింది. బావ ఒకటి తీయబోతే మొత్తం ముద్దగా లేచింది.

"ఏమప్పా బామ్మర్దీ, కుంకుమ తెచ్చినావా, కజ్జికాయలు తెచ్చినావా?"

"తడిచేత్తో పట్టుకుంటివి గదా బావా!"

"నా చేయి పొడిగానే ఉండాది. నీ పొట్లాలే జలుబు చేసినట్ల ఉండాయి."

లోపల మా అక్క నవ్వు వినపడింది. నాకు ఒళ్లు మండింది. తప్పు నాది కాదని చూపించాలని ఫైలు విప్పాను. "ఇది చూడు. ఆ అంగడాయన ఇచ్చిన సరుకు ఇట్లాంటిది. గ్లిజరిన్ పెంచక ఏం చేయాల? పట్టుకుంటే విరుగుతాది." అని పాత పొరను బావ ముందు వంచాను.

విరగలేదు.

రెండోసారి మడిచాను. గుడ్డలా మడతపడింది.

"విరుగు చూద్దాం" అన్నాడు బావ.

అప్పుడు నాకు ఇక బావా లేడు, కుంకుమా లేదు. ఆ పొరను పట్టుకుని మిద్దె మీదికెక్కి ఎండలో, వేడి గాలిలో పెట్టాను. కొంతసేపటికి గరగరలాడింది. మూల విరిచి చూస్తే టప్పుమంది. కిందికి తెచ్చి అంగడిలో వేలాడదీసి ఎదురుగా కూర్చున్నాను. మెల్లగా మెత్తబడింది. మళ్లీ మిద్దె, మళ్లీ అంగడి. "అన్నానికి రారా, ఆ కాగితం యాడికీ పోదు" అని అక్క పిలుస్తూనే ఉంది.

నీళ్లు కూడా గ్లిజరిన్ చేసే పనే చేస్తాయి. పుస్తకంలో చదివిన సంగతే, పాఠం కూడా చెప్పాను. కానీ ఆ నీళ్లు గాలిలోంచి పొరలోకి వచ్చిపోతుంటాయన్నది నా వేళ్లకు తెలిసింది ఆరోజే. కర్నూలు గాలి పొరలో నీళ్లన్నీ పీల్చేస్తుంది. నేను దానికి విరుగుడుగా గ్లిజరిన్ పోస్తే, అది మహానంది గాలిలోని తడిని కూడా తాగి జిగురైంది. గ్లిజరిన్ అంగడాయనకు మాత్రం ఈ విషయం చెప్పలేదు. ఎండుటాకు అన్న మాట ఆయన వెనక్కి తీసుకోలేదు కదా.

ల్యాబుకొచ్చి రెండు గాజు జాడీలు పెట్టాను. ఒకదాని అడుగున, లోపలి గాలి తడిగా ఉండేలా, ఇక కరగనంత ఉప్పు వేసిన నీళ్లు, రెండోదాంట్లో తేమ పీల్చే గుళికలు. హెడ్డు సారును పిలిచి, తక్కువ గ్లిజరిన్ పొరనొకదాన్ని ఆయన ముందే రెండు ముక్కలు చేశాను. "రెంటి మీదా సంతకం పెట్టండి సార్. రేపు వేరే పొర అంటారు మీరు."

"నన్నే నమ్మవా?"

"అప్పడం అన్నోళ్లను ఎట్ల నమ్మేది సార్?"

మార్కరుతో గీకి పోయాడు. జాడీకొక ముక్క వేలాడదీసి మూతలు బిగించాను. మర్నాడు బెల్లు కొట్టకముందే వచ్చాడు. తడి జాడీలోది పెన్నుకు చుట్టాడు, చుట్టుకుంది. పొడి జాడీలోది చుట్టబోయాడు, ఆయన సంతకం నడుమకు విరిగింది. సంతకాన్ని రెండువైపులా తిప్పి చూసుకున్నాడు.

"ఒకటి వంగె, ఒకటి విరిగె. సగమే గెలిచినావు. సగం బల్ల నీకు, సగం బాటనీకి."

"నియమం పెట్టేటప్పుడు ఏ ఊరి గాలో మీరు చెప్పల్యా సార్."

ఆయన వంగిన ముక్కను కిటికీలోంచి వచ్చే గాలికి పట్టుకుని నిలబడ్డాడు. కొంతసేపటికి మళ్లీ వంచి చూశాడు.

"అదిసరే, ఇంత తడీ కాకుండా, ఇంత పొడీ కాకుండా, నడిమధ్య గాలుంటే ఏమైతాది?"

నా పొర గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. నాకూ తెలియదని చెప్పాను. ఉప్పును బట్టి జాడీలో తేమ మారుతుంది కాబట్టి, ఇంకో ఉప్పుతో మూడో జాడీ పెట్టి చూడాలన్నాను. ఆయనే అల్మారా తెరిచి జాడీ వెతికి, తుడిచి తెచ్చాడు. నా సగంలో చోటు లేదు. బల్ల వంక ఒకసారి చూసి, బాటనీ వాళ్లకిస్తానన్న వైపున పెట్టాడు.