బీరుకి పెట్టిన తాలింపు

ఇండియా పేల్ ఏల్ అనే బీరుకి మన మసాలా రుచి చూపించిన మొట్టమొదటి మనిషిని నేనే. ఒక శనివారం మధ్యాహ్నం, సింగపూర్‌లో, టోవా పాయోలోని మా ఫ్లాట్‌లో, పీపాడు బీరు గంటలో ఖాళీ అయింది. నురగ గ్లాసుల మీంచి పొంగి టేబుల్ మీది గుడ్డంతా తడిపేసింది. వచ్చినవాళ్ళు గ్లాసులు పట్టుకుని వంటగది దాకా వరసలో నిలబడ్డారు. మా ఆఫీసు మేనేజరు, ఇంగ్లండువాడు, కళ్ళు మూసుకుని, మా ఊళ్ళో కూడా ఇలాంటిది తాగలేదన్నాడు.

ఇందులో కొంచెం సర్దుకోవాలి. పీపా కాదు, మూతున్న ప్లాస్టిక్ బకెట్. మేనేజరు రాలేదు. పిలిచాను, పనుందన్నాడు. వరస సంగతీ నురగ సంగతీ తర్వాత చెబుతాను. రెండూ ఒకేసారి ఒప్పుకునేంత ధైర్యం ఇంకా రాలేదు.

ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులవి. మా ఆఫీసు వన్-నార్త్ అనే ఐటీ పేటలో. వారం వారం ఎవడో ఒకడు హైదరాబాదు నుంచి కొత్తగా దిగేవాడు, ఎవడో ఒకడు ఇంకాస్త జీతానికి ఎదురు బిల్డింగులోకి మారిపోయేవాడు. జేబులో నాలుగు డబ్బులు ఆడేసరికి అందరికీ సరదాలు పుట్టుకొచ్చాయి. ఒకడు మూరెడు కెమెరా కొన్నాడు. ఇంకొకడు గోల్ఫు కర్ర కొని, ఆడే చోటు లేక హాల్లో సోఫా కిందికి బంతులు కొట్టేవాడు. ఇంట్లో బీరు కాచుకోవచ్చని ప్రభుత్వం అప్పుడప్పుడే అనుమతిచ్చింది. నేను ఆ సామాను కొన్నాను. మూతున్న బకెట్, మొలకెత్తిన బార్లీతో చేసిన పాకం డబ్బా, దాన్ని పులియబెట్టే ఈస్ట్ పొట్లం, హాప్స్ గుళికలు. హాప్స్ అంటే బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వు. దాన్ని ఎండబెట్టి, దంచి, గుళికలుగా చేసి అమ్ముతారు. చూడడానికి పశువుల దాణాలా ఉంటాయి, వాసన మాత్రం నారింజ తొక్కనీ పచ్చిగడ్డినీ కలిపి నలిపినట్టుంటుంది.

ఈ బీరుని పూర్వం ఇంగ్లండువాళ్ళు ఓడల్లో మన దేశానికి పంపేవారనీ, దారిలో చెడిపోకుండా హాప్స్ దండిగా వేసేవారనీ దుకాణంవాడు చెప్పాడు. నాకు రోషం వచ్చింది. మన పేరు పెట్టుకుని, మన దేశానికే పంపి, అందులో ఒక్క మిరియపు గింజైనా వేయకపోవడమేమిటి?

ఆదివారం పొద్దున్నే మా ఆవిడ పులిహోర కలిపే పెద్ద గుండిగ దింపాను.

"అదెందుకు తీశారు?" అంది.

"ఇంగ్లీషువాళ్ళు మర్చిపోయిందొకటి గుర్తుచేద్దామని."

"ఆ గుర్తుచేసేదేదో నా గిన్నెలో కాకుండా చేసుకోండి."

అప్పటికే స్టవ్ వెలిగించాను. నీళ్ళలో పాకం కలిసి మరుగుతోంది. హాప్స్ ఎంత వేయాలో సామానుతో వచ్చిన కాగితంలో రాసి ఉంది. చేదే దీని గొప్పయినప్పుడు పిసినారితనం ఎందుకని రెట్టింపు వేశాను. ఇల్లంతా కాకరకాయలు మాడిన వాసన. ఇక మన వంతు వచ్చింది. ధనియాలు, మిరియాలు, యాలకులు, శొంఠి కచ్చాపచ్చాగా దంచి ఉంచాను. వాటిని అలాగే నీళ్ళలో పడేయాలని ఇంగ్లీషువాడికి తోస్తుందేమో గాని, తెనాలి పక్కన పుట్టినవాడికి ఎలా తోస్తుంది? పచ్చివాసన రాదూ? గరిటెలో నెయ్యి కాచి, దినుసులన్నీ దోరగా వేయించి, చిటపటలాడుతుండగానే గుండిగలోకి వంచాను. చుయ్యిమంది. ఘుమఘుమ పోకుండా వెంటనే మూత పెట్టాను. నా జీవితంలో ఏ ప్రోగ్రాము రాసినప్పుడూ అంత తృప్తి కలగలేదు.

చల్లారాక బకెట్‌లో పోసి, ఈస్ట్ చల్లి, మూత బిగించాను. ఇప్పుడు అసలు చిక్కు. ఈస్ట్‌కి సింగపూర్ ఉక్కపోత పనికిరాదు, చల్లగా ఉంటేనే సవ్యంగా పనిచేస్తుంది. మా ఇంట్లో ఏసీ ఉన్నది ఒక్క పడగ్గదిలోనే. బకెట్ తీసుకెళ్ళి మంచం పక్కన పెట్టి, ఏసీ వీలైనంత చల్లగా పెట్టాను. మూతకి బిగించిన చిన్న గొట్టంలోంచి లోపలి గాలి బుడుక్ బుడుక్‌మని బయటికి వచ్చేది.

మా ఆవిడ ఒక పూట చూసి, దిండూ దుప్పటీ తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయింది. "ఐసు పెట్టెలో పడుకోడానికి నేనేమన్నా చేపనా?" అంది.

నేను బకెట్‌కి కాపలాగా లోపలే పడుకున్నాను. భూమధ్యరేఖ పక్కన స్వెట్టరూ మంకీ క్యాపూ వేసుకుని నిద్రపోయిన తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. ఇది గొప్పకి చెబుతున్నది కాదు, నిజం. ఆవిడ హాల్లో ఫ్యాను కింద ఎలా పడుకునేదో పాపం. అయినా పొద్దున్నే మొహం కళకళలాడుతూ కాఫీ ఇచ్చేది. త్యాగం చేస్తే మొహానికి అంత కళ వస్తుందని అప్పుడే తెలిసింది.

రెండు వారాలు గడిచాక బీరు సీసాల్లోకి ఎక్కించాను. సీసాలు కూడా ఆ గదిలోనే పెట్టాను. తర్వాత కాచబోయే బీరుకని బకెట్ కడిగి మళ్ళీ మంచం పక్కన పెట్టేసరికి ఆవిడ గుమ్మంలో నిలబడి షరతు పెట్టింది.

"శనివారం మీవాళ్ళని పిలిచారుగా. తాగినవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు ఇంకో గ్లాసు కావాలంటే బకెట్ ఇక్కడే ఉంటుంది. ఎవరూ అడక్కపోతే అందులో నేను ఇడ్లీ రవ్వ పోసుకుంటాను, మీరు ఇంకెప్పుడూ బీరు మాటెత్తకూడదు. సరేనా?"

"అందరూ అడుగుతారు చూడు," అన్నాను.

శనివారం నలుగురు వచ్చారు. మా ఆఫీసు కుర్రాళ్ళు ముగ్గురు, పక్క ఫ్లాట్ చైనీస్ పెద్దాయన. నాకంటే పెద్దవాడని ఆయన్ని నేను అంకుల్ అనేవాణ్ణి, మర్యాదకి ఆయన కూడా నన్ను అంకుల్ అనేవాడు. సీసా మూత తీస్తే బుస్సుమంది. సంబరంగా గ్లాసులోకి వంచాను. బుడగలు గబగబా పైకి లేచాయి, పైకి రాగానే మాయమైపోయాయి. నురగ అన్నది లేదు. నురగ ఉండాల్సిన చోట బంగారు రంగు చుక్కలు నిదానంగా తేలుతున్నాయి.

రాజమండ్రి కుర్రాడు గ్లాసుని వెలుతురుకి పట్టి చూశాడు. "గురువుగారూ, ఇది వేడిగా తాగాలాండీ?"

"బీరు ఎవడైనా వేడిగా తాగుతాడా?"

"అబ్బే, చారులా ఉంటేనూ, అడిగానండి."

వరంగల్ కుర్రాడు ఒక గుక్క తాగి, కాసేపు గోడకేసి చూశాడు. "సార్, చిన్నప్పుడు జరమొస్తే మా అమ్మమ్మ గిసొంటిదే తాపిచ్చేది. ముక్కు మూసి పోసేది."

మూడోవాడు మా ఆఫీసులో టెస్టరు, తప్పులు పట్టడమే వాడి ఉద్యోగం. వాడు నవ్వలేదు. "సార్, కాగితంలో ఉన్నదాంట్లో మీరేం మార్చారు?"

"ఏమీ మార్చలేదు. హాప్స్ కొంచెం ఎక్కువేశాను."

"ఇంకా?"

"ఇంకేం లేదు. చివర్లో తాలింపు పెట్టాను."

టెస్టరు తన గ్లాసు మెల్లిగా టేబుల్ మీద పెట్టేశాడు.

"బీరుకా సార్?"

"మరి దేనికి?"

"దేంతో పెట్టారు?"

"నేతితోనే. నూనెతో పెట్టేంత తెలివితక్కువవాణ్ణా?"

"జిడ్డు తగిలితే బీరుకి నురగ నిలవదు సార్," అన్నాడు వాడు, చాలా సానుభూతిగా.

బకెట్‌కి ఎక్కడా జిడ్డు ఉండకూడదని కాగితంలో ఉంటే, నేను దాన్ని చేతులు నొప్పిపుట్టేదాకా తోమాను. అంత తళతళలాడే బకెట్‌లో గరిటెడు నెయ్యి పోశానన్నమాట.

వంటగదిలోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "ఇంగువ సంగతి కూడా చెప్పండి."

చెప్పాను. కరివేపాకు సంగతి ఆవిడకి తెలియదు కాబట్టి చెప్పలేదు.

అందరూ వరసలో నిలబడ్డారన్నాను కదా. నిలబడ్డారు, అబద్ధం కాదు. మంచినీళ్ళ కోసం. ఆ వరస చూసి మా ఆవిడ ఇడ్లీ రవ్వ డబ్బా తీసుకొచ్చి టేబుల్ మీద, నాకు కనిపించేలా పెట్టింది.

సరిగ్గా అప్పుడు పక్కింటి అంకుల్ తన గ్లాసు ముందుకి చాపాడు. అడుగున చుక్క లేదు. "వెరీ నైస్ లా, అంకుల్. వన్ మోర్," అన్నాడు సింగపూర్ యాసలో. నేను నిండుగా పోశాను. ఆయన అదీ తాగాడు. నేను రవ్వ డబ్బా తీసుకెళ్ళి స్వయంగా అలమరలో పెట్టి వచ్చాను. బకెట్ మా పడగ్గదిలోనే ఉండిపోయింది. ఆ తర్వాత చాలాసార్లు కాచాను, తాలింపు లేకుండా, నురగతో. ఆవిడ ఓటమిని హుందాగా ఒప్పుకుని, మళ్ళీ ఆ గది ఊసే ఎత్తలేదు.

ఇంతవరకూ రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మొత్తం వింది. కరివేపాకు దగ్గర మాత్రం ఒకసారి తలెత్తి చూసింది.

"అంకుల్ ఇంకో గ్లాసు అడగలేదు," అంది. "మందు మింగినట్టు ఒక్క గుక్కలో తాగేసి, ఖాళీ గ్లాసు ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నాడు. మీరే చేతిలోంచి లాక్కుని పోశారు. ఆ పెద్దాయన వద్దు వద్దంటూనే ఉన్నాడు."

"నువ్వు వంటగదిలో ఉన్నావుగా."

"గుమ్మంలోనే ఉన్నా. రవ్వ డబ్బా పెట్టిందాన్ని చూడకుండా పోతానా?"

"మరి అప్పుడే అనలేదేం?"

ఆవిడ ఇంకో చిక్కుడుకాయ అందుకుంది. "ఎందుకంటాను? మీరు ఆ బకెట్ పక్కన పడుకున్నన్నాళ్ళూ హాల్లో నాకు మీ గురక వినపడలేదు. పెళ్ళయ్యాక నేను కంటినిండా నిద్రపోయింది అప్పుడే."