మొగుడి వల మీద దొంగతనం కేసు

చచ్చినవాడి వల పెద్దకర్మ అయ్యేదాకా సముద్రంలో వేయకూడదు. అది మా పేట ఆచారం. అందుకే మా ఆయన పోగానే వల ఇంట్లోకి తెచ్చి పెట్టాను. అది తనదని, నేను దొంగిలించానని మా మరిది పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. వాడి కన్ను వల మీద కాదు, మా తెప్ప మీద. మర్నాడు పోలీసులు నన్ను పిలిపిస్తే, తెప్ప ఇచ్చేస్తే కేసు వదిలేస్తానని స్టేషన్ బయటే అన్నాడు.

భీమిలి బస్సెక్కి ఏడుస్తుంటే, పక్కన చేపలబుట్టతో కూర్చున్న ముసలామె ఎందుకని అడిగింది. అంతా చెప్పాను.

"మరేటే ఏడుత్తన్నావ్? పోలీసోల్లకి అబద్దం సెప్పినోడికీ జైలుంటాది. మా అల్లుడెల్లి కూకుని వచ్చినాడు. పోయి సెప్పు!"

నేను కదల్లేదు. ఆమే తాడు లాగి గంట కొట్టింది. బస్సు ఆగింది. కండక్టరు తిడుతుంటే, "దిగేది నాను కాదు బాబూ, ఇది" అంటూ నా జబ్బ పట్టి లేపింది.

స్టేషన్‌కి వెనక్కి నడిచాను. మరిది ఇంకా అక్కడే ఉన్నాడు.

"ఈడు సెప్పింది అబద్దం, ఈడి మీద కేసు రాయండి బాబూ!" అని ఎస్సై ముందు అరిచాను.

వాడి మొహం పాలిపోయింది. "వదినా, మనలో మనకి కేసులేటి?"

"ఆ మాట నిన్న గుర్తు రానేదేటిరా?"

వాడు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. తెప్ప నాకే మిగిలింది. అయినా వాడు ఒక్క పూటైనా జైల్లో కూర్చోలేదన్న మంట నాకింకా చల్లారలేదు.